రేడియేషన్ రక్షణ చదువు: ఏది ముందు చదవాలి?

ఈ ఉపన్యాసాన్ని స్వామి జ్ఞానానంద స్మృతికి సమర్పిస్తున్నాను. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టి, సన్యసించి, ఐరోపా వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేసి, చివరికి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖకు పునాది వేసిన మనిషి ఆయన. 1969లో కన్నుమూశారు. అదే ఏడాది అమెరికాలో హెర్మన్ సెంబర్ రాసిన ‘ఇంట్రడక్షన్ టు హెల్త్ ఫిజిక్స్’ మొదటి ముద్రణ వచ్చింది. జ్ఞానానంద తరానికి పుస్తకం దొరకడమే కష్టం, పరికరం దొరకడం ఇంకా కష్టం. ఇవాళ సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో కూర్చుని హెల్త్ ఫిజిక్స్, అంటే రేడియేషన్ రక్షణ, నేర్చుకోవాలనుకునే తెలుగు యువకుడికి ఆ కష్టం లేదు. ఒక్క సాయంత్రంలో ఫోను నిండా పుస్తకాలు, నివేదికలు, ప్రశ్నల బ్యాంకులు, వీడియో పాఠాలు నింపుకోవచ్చు. అతని కష్టం మరోటి: వీటిలో ఏది నమ్మాలి, ఏది ముందు చదవాలి, దేన్ని పక్కన పెట్టాలి? ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు ఒక పుస్తకం పేరు. నా జవాబు వేరు. రేడియేషన్ రక్షణ నేర్చుకునేవాడు మొట్టమొదట తెరవాల్సింది పాఠ్యపుస్తకం కాదు, ఒక ప్రమాద విచారణ నివేదిక. పాఠ్యపుస్తకం, చట్టం, అంతర్జాతీయ సిఫార్సులు ఆ తరువాత, ఆ నివేదిక రేపిన ప్రశ్నలకు జవాబులుగా రావాలి.

ఈ చదువు ఈ ఊళ్లో ఎవరికి కావాలని మీరు అడగవచ్చు. సింగపూర్‌లో అణు విద్యుత్ కేంద్రం లేదు. అప్పటికి అందుబాటులో ఉన్న రియాక్టర్లు ఇంత చిన్న, ఇంత ఇరుకైన దేశానికి తగవని 2012లో ప్రభుత్వ అధ్యయనమే తేల్చింది. అయినా రేడియేషన్‌తో బతుకు ముడిపడినవారు ఇక్కడ చాలామంది. చోవా చూ కాంగ్ నుంచి పడమరకు వెళ్తే జురాంగ్, టువాస్. అక్కడ ఓడల యార్డులు, చమురు శుద్ధి కర్మాగారాలు, మైళ్లకొద్దీ పైపులు. ఆ పైపుల అతుకులు గట్టిగా ఉన్నాయో లేదో చూడడానికి, వస్తువును పాడుచేయకుండా పరీక్షించే ఎన్‌డీటీ కుర్రాళ్లు ఐరిడియం-192 పెట్టిన రేడియోగ్రఫీ కెమెరాను మోసుకెళ్తారు. మిగతా పనివాళ్లు ఇళ్లకు వెళ్లాక, తాడు కట్టి, ఎర్ర దీపం పెట్టి, రాత్రిళ్లు ఫిల్మ్ తీస్తారు. ఈ వృత్తిలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రుల్లో రేడియోగ్రాఫర్లు, న్యూక్లియర్ మెడిసిన్ నర్సులు, 2023లో మొదలైన ప్రోటాన్ చికిత్స కేంద్రం లాంటి చోట్ల పనిచేసే వైద్య భౌతిక శాస్త్రజ్ఞులు మరో వర్గం. దేశం కూడా ఈ విద్యను పక్కన పెట్టలేదు. సింగపూర్ 1967లోనే అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో చేరింది, 1973లో రేడియేషన్ రక్షణ చట్టం చేసింది, 2007లో దాన్ని తిరగరాసింది. 2014లో నేషనల్ యూనివర్సిటీలో అణు భద్రతా పరిశోధనకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టి, 2025లో దాన్ని పూర్తిస్థాయి సంస్థగా మార్చింది. రేపు రియాక్టరు వచ్చినా రాకపోయినా, ఈ విద్య తెలిసినవాళ్లకు ఇక్కడ పని ఉంటుంది.

మంచి పుస్తకం ఒక్కటి చాలదా అనే మాటను ముందు పరిశీలిద్దాం. ఈ విద్యలో పుస్తకం మీది తేదీ ఎంత ముఖ్యమో చాలామంది విద్యార్థులు గుర్తించరు. న్యూటన్ సూత్రాలు పాత ముద్రణలో చదివినా నష్టం లేదు. మోతాదు పరిమితి పాత ముద్రణలో చదివితే నష్టం ఉంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం, అంటే ఐసీఆర్‌పీ, 1977లో కార్మికుడికి ఏడాదికి 50 మిల్లీసీవర్ట్ అంది. 1990 సిఫార్సుల్లో దాన్ని 5 ఏళ్ల సగటున ఏడాదికి 20కి దించింది, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదంది. 2007 నాటి 103వ ప్రచురణలో అవయవాల, కిరణాల భార గుణకాలే మారాయి: బీజకోశాలకు 0.20 ఉన్నది 0.08 అయింది, రొమ్ముకు 0.05 ఉన్నది 0.12 అయింది, ప్రోటాన్ల గుణకం 5 నుంచి 2కి తగ్గింది. 2011లో కంటి కటకం పరిమితి ఏడాదికి 150 నుంచి సగటున 20కి పడిపోయింది. ఇది చిన్న మార్పు కాదు. ఆంజియోగ్రఫీ గదిలో గంటలకొద్దీ నిలబడే వైద్యుడూ నర్సూ సీసపు కళ్లద్దాలు పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఈ అంకెతోనే ముడిపడి ఉంది. 2005 నాటి పుస్తకం ఎంత గొప్పదైనా ఈ సంగతి చెప్పలేదు. దానికితోడు అమెరికా పుస్తకాల్లో రెమ్, రాడ్, క్యూరీ. మన దేశంలోనూ సింగపూర్‌లోనూ సీవర్ట్, గ్రే, బెకరెల్. 100 రెమ్ ఒక సీవర్ట్ అని కంఠతా పట్టిన విద్యార్థి కూడా మిల్లీరెమ్ నుంచి మైక్రోసీవర్ట్‌కు మార్చేటప్పుడు తడబడతాడు, ఆ తడబాటు మీటరు చదివేటప్పుడు పదిరెట్ల తప్పుగా తేలుతుంది. కాబట్టి ఒకే గ్రంథాన్ని నమ్ముకునే పద్ధతి ఈ విద్యకు పనికిరాదు.

ఇక నా అసలు వాదన. 1999 ఫిబ్రవరిలో పెరూ దేశంలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో ఒక వెల్డరు, కింద పడి ఉన్న చిన్న లోహపు ముక్కను తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. అది రేడియోగ్రఫీ కెమెరా నుంచి ఊడిపోయిన ఐరిడియం-192 సోర్స్, బలం 1.37 టెరాబెకరెల్. గంటల తరబడి అది జేబులోనే ఉంది, ఇంటిదాకా వెళ్లింది. అతని కుడి కాలు తీసేయాల్సి వచ్చింది. భార్యాపిల్లలకూ కొంత మోతాదు తగిలింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2000లో ఈ ఘటన మీద పూర్తి నివేదిక ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఈ ఒక్క ఘటనను పక్కన కాగితం పెట్టుకుని చదివితే ఏం జరుగుతుందో చూడండి. ఐరిడియం-192 ఒక గిగాబెకరెల్‌కు, ఒక మీటరు దూరంలో, గంటకు సుమారు 0.13 మిల్లీసీవర్ట్ ఇస్తుంది. 1370 గిగాబెకరెళ్లకు గంటకు దాదాపు 178 మిల్లీసీవర్ట్. దూరం పెరిగితే దాని వర్గం చొప్పున మోతాదు తగ్గుతుంది, దూరం తగ్గితే అదే లెక్కన పెరుగుతుంది. మీటరు నుంచి సెంటీమీటరుకు వస్తే పదివేల రెట్లు. అంటే జేబు కింది చర్మం దగ్గర నిమిషానికి 30 గ్రే స్థాయిలో. చర్మం, కండరం చచ్చిపోవడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. విలోమ వర్గ నియమాన్ని ఇంటర్మీడియట్‌లోనే చదివి మార్కులు తెచ్చుకున్నవాడికి, అది ఒక మనిషి కాలును ఎలా తీసుకుందో ఇక్కడ తెలుస్తుంది. ఇలా నేర్చుకున్న లెక్కను మనసు వదలదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రమాదాలు అరుదు, రోజువారీ పని చిన్న మోతాదులతోనే. ఘోరమైన ఘటనలు చదివినవాడు మామూలు రోజున ఏం చేయాలో ఎలా నేర్చుకుంటాడు? అదే లెక్కను కొంచెం ముందుకు నడిపితే జవాబు దొరుకుతుంది. ఆ సోర్స్‌కే 10 మీటర్ల దూరంలో గంటకు 1.8 మిల్లీసీవర్ట్, అక్కడ నిలబడ్డ సామాన్యుడికి ఏడాది పరిమితి అయిన 1 మిల్లీసీవర్ట్ 35 నిమిషాలు కాకముందే పూర్తవుతుంది. హద్దు దగ్గర గంటకు 7.5 మైక్రోసీవర్ట్ మించకూడదని పెట్టుకుంటే, ఏ అడ్డూ లేనప్పుడు తాడు సుమారు 150 మీటర్ల దూరంలో కట్టాలి. ఓడల యార్డులో అంత ఖాళీ ఎక్కడిది? అందుకే కిరణాలను ఒక దిక్కుకే పరిమితం చేసే కొలిమేటర్, అందుకే సీసం, అందుకే రాత్రి పని. కాలం, దూరం, అడ్డుగోడ అని ప్రతి గోడపత్రికా చెప్పే మూడు మాటలకు అర్థం ఈ అంకెల్లో ఉంది. ప్రతి షాట్ తరువాత సర్వే మీటరు పట్టుకుని కెమెరా దగ్గరికి వెళ్లే అలవాటు మామూలు రోజున పాటించాల్సిందే. ఆ అలవాటు లేని చోటే సోర్స్ నేలమీద ఉండిపోతుంది. మామూలు రోజూ ప్రమాదం జరిగిన రోజూ వేర్వేరు విద్యలు కావు.

ప్రమాదాన్ని ముందు చదివే ఈ క్రమం నేను కొత్తగా కనిపెట్టింది కాదు, ఈ శాస్త్రం పుట్టిన తీరే అది. హాంబర్గ్ సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో 1936లో ఒక స్మారక శిల నిలబెట్టారు. ఎక్స్-కిరణాల వల్ల, రేడియం వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న వైద్యులు, సాంకేతికుల పేర్లు 169 దాని మీద చెక్కారు. అంతకు ముందే, 1928లో స్టాక్‌హోమ్‌లో, నేటి ఐసీఆర్‌పీకి మూలమైన సంఘం ఏర్పడింది. 1942లో షికాగోలో రియాక్టరు కట్టేటప్పుడు కార్మికుల రక్షణకు భౌతిక శాస్త్రజ్ఞులతో ఒక బృందం పెట్టడానికి కారణం, రేడియం చేసిన హాని చరిత్ర అప్పటికి అందరికీ తెలిసి ఉండడమే. పరిమితులు ముందు వచ్చి గాయాలు తరువాత రాలేదు. గాయాలను లెక్కపెట్టిన తరువాతే పరిమితులు వచ్చాయి. పాఠ్యపుస్తకం మాత్రం ఆ వరసను తిప్పేసి, పరమాణు నిర్మాణంతో మొదలై, క్షయ సమీకరణాల మీదుగా సాగి, చివరి అధ్యాయాల్లో ప్రమాదాలకు నాలుగు పేజీలు ఇస్తుంది. సొంతంగా చదువుకునే విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చివరి అధ్యాయాల దాకా చేరరు.

ఒక్కో నివేదిక ఒక్కో పాఠం. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీ చేసి వెళ్లిపోయిన క్యాన్సర్ చికిత్సాలయంలో వదిలేసిన సీజియం-137 యంత్రాన్ని తుక్కు ఏరుకునేవాళ్లు విప్పారు. నీలంగా మెరిసే పొడిని చుట్టాలకు పంచారు. నలుగురు చనిపోయారు, 249 మందికి కాలుష్యం అంటింది, లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది. శరీరం బయటి మోతాదు వేరు, లోపలికి పోయిన రేడియోధార్మిక పదార్థం ఇచ్చే మోతాదు వేరు అన్న తేడా నేర్చుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. 2000లో థాయిలాండ్‌లోని సముత్ ప్రకాన్‌లో కోబాల్ట్-60 వల్ల ముగ్గురు పోయారు. తుక్కు కొట్టువాళ్లకు రేడియేషన్‌ను సూచించే మూడు రెక్కల గుర్తు ఏమీ చెప్పలేకపోయింది. అలాంటి చేదు అనుభవాల తరువాతే 2007లో పుర్రె బొమ్మ, పారిపోతున్న మనిషి బొమ్మ ఉన్న కొత్త హెచ్చరిక గుర్తు వచ్చింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత గామా పరికరంలోని కోబాల్ట్ ఒకరి ప్రాణం తీసింది. ఈ మూడింటినీ కలిపి చదివినవాడు సోర్స్ వాడకంకంటే, వాడడం మానేశాక దాని లెక్క ఎవరి చేతిలో ఉందన్నదే పెద్ద ప్రశ్న అని గ్రహిస్తాడు. మన ఊళ్ల పాత సామాను కొట్లకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది.

అయితే నివేదికతో ఆగితే అది కథలు చదవడమే అవుతుంది. నివేదిక రేపిన ప్రశ్నలను పట్టుకుని పాఠ్యగ్రంథంలోకి వెళ్లాలి. సెంబర్ పుస్తకం గొప్పతనం దాని వివరణలో కంటే అధ్యాయం చివరి లెక్కల్లో ఉంది. వాటిని చేయకుండా చదివితే సగం పుస్తకమే చదివినట్టు. థామస్ జాన్సన్ చేయి పడిన తరువాతి ముద్రణలు తీసుకోవాలి, పాత జిరాక్సులు కాదు. జేమ్స్ టర్నర్ రాసిన ‘ఆటమ్స్, రేడియేషన్, అండ్ రేడియేషన్ ప్రొటెక్షన్’ భౌతిక శాస్త్రం గట్టిగా కావాలనుకునేవారికి ఇంకా మెరుగు. కొలత పరికరాలకు గ్లెన్ నోల్, మోతాదు సిద్ధాంతానికి ఫ్రాంక్ ఆటిక్స్. కానీ ఇవి మొదటి ఏడాది తెరవాల్సినవి కావు. డబ్బు లేనివారికి దారి మూసుకుపోలేదు. అణుశక్తి సంస్థ 2005లో ప్రచురించిన రేడియేషన్ ఆంకాలజీ ఫిజిక్స్ చేతిపుస్తకం, 2014లో వచ్చిన డయాగ్నస్టిక్ రేడియాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ సంపుటాలు పూర్తిగా ఉచితం. అమెరికా ఇంధన శాఖ తన రేడియేషన్ నియంత్రణ సాంకేతికుల కోసం రాయించిన శిక్షణ పాఠాలు కూడా ఉచితమే. పాత ప్రమాణాలు ఉన్నా, సర్వే మీటరు పట్టుకునేవాడికి వాటంత సూటిగా చెప్పే రచన నాకు కనిపించలేదు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్ వస్తుందని ఏళ్లుగా వాడుతున్న లెక్క ఐక్యరాజ్య సమితి శాస్త్రసంఘం, అంటే అన్‌స్కేర్, నివేదికల్లోది. ఆ నివేదికలూ అందరికీ తెరిచే ఉన్నాయి. ఇంత సరుకు చేతికందేటప్పుడు, ఎవరో సంతకం లేకుండా రాసిన నోట్సును నమ్ముకోవాల్సిన అవసరం ఏమిటి?

చట్టం గురించి ఒక్క మాట. పనిచేసే దేశపు నిబంధనలు చదవకుండా ఈ విద్య పూర్తికాదు. ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదని ఐసీఆర్‌పీ అంటే, భారతదేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, 30 దగ్గరే గీత గీసింది. ముంబైలోనో హైదరాబాదులోనో శిక్షణ పొంది టువాస్‌కు వచ్చినవాడు, అక్కడి అంకెలూ అక్కడి పత్రాలూ ఇక్కడా వర్తిస్తాయనుకుంటే పొరపాటు. సింగపూర్ చట్టాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. రేడియేషన్ పరికరం వాడకానికి, ఉంచుకోవడానికి లైసెన్సులు నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇస్తుంది. చట్టం చదవడం విసుగే. అయినా తన మోతాదు బ్యాడ్జి రీడింగు తాను అడిగి తెలుసుకునే హక్కు ఎక్కడ రాసి ఉందో తెలిసిన పనివాడు, యజమాని ముందు మరోలా నిలబడతాడు.

లైసెన్సు పరీక్ష గట్టెక్కడానికి ప్రశ్నల బ్యాంకు చాలు కదా, ఇంత చదువు ఎందుకని కొందరంటారు. జీతం ఆ కాగితం మీదే ఆధారపడినవాడి తొందర నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. పరీక్షకు ప్రశ్నల బ్యాంకు చూసుకోవచ్చు. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న, మీటరు ముల్లు కదలనప్పుడు అది సున్నానా, చార్జింగు అయిపోయిందా, లేక తీవ్రత ఎక్కువై గైగర్ గొట్టం మూగబోయిందా అని ఎప్పుడూ అడగదు. యార్డు అడుగుతుంది. సొంత చదువు చేతి శిక్షణకు సాటి రాదన్న అభ్యంతరాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఎంత చదివినా, అనుభవజ్ఞుడి పక్కన నిలబడి సోర్స్‌ను బయటికి పంపి వెనక్కి తెచ్చే పని నేర్చుకోనివాడు సిద్ధమైనట్టు కాదు. చదువు చేయగలిగింది, ఆ శిక్షణలో ఏం అడగాలో తెలిసేలా చేయడం. ప్రమాదాల గురించి చదివితే భయపడి వృత్తి వదిలేస్తారన్న వాదనకు మాత్రం నేను లొంగను. భయం పెంచేది అంకెలు లేని వార్త. అంకెలున్న నివేదిక రెండు పనులు చేస్తుంది: ఛాతీ ఎక్స్-రేకు వణికేవాడికి ధైర్యం చెబుతుంది, కెమెరా పక్కన నిర్లక్ష్యంగా కూర్చునేవాడిని లేపుతుంది.

మిగిలింది భాష. నేను చెప్పినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంజనీరుకు అది ఇబ్బంది కాకపోవచ్చు. ఐటీఐ చదివి ఎన్‌డీటీలో చేరిన కుర్రవాడికి ఇబ్బందే. ఇంగ్లీషు నేర్చుకుంటే సరిపోతుంది అనేవారికి నా జవాబు: పని చేస్తూ ఇంగ్లీషు మెల్లగా వస్తుంది, ఐరిడియం అందాకా ఆగదు. సింగపూర్ అధికార భాషలు నాలుగు, వాటిలో తెలుగు లేదు. ఇక్కడి ప్రభుత్వం వీటిని తెలుగులోకి తెచ్చే పని మన కోసం చేస్తుందని ఎదురుచూడడం సబబు కాదు. 1968 నుంచి తెలుగు అకాడమీ భౌతిక శాస్త్రానికి పాఠ్యగ్రంథాలు, పదకోశాలు ఇచ్చింది. డిగ్రీ స్థాయి న్యూక్లియర్ ఫిజిక్స్ తెలుగులో చదివినవాళ్లు మనలో ఉన్నారు. పునాది ఉంది. సెంబర్‌ను అనువదించమని నేను అడగడం లేదు, అది ఏళ్ల పని, అయ్యేలోపు ముద్రణ మారిపోతుంది. యనాంగో నివేదికతో మొదలుపెట్టమంటున్నాను. అది చిన్నది, పాతబడనిది, టువాస్ పనికి నేరుగా తగిలేది. దాని వెంట నేను పైన చేసిన లాంటి లెక్కలు పది, జవాబులతో సహా చేర్చాలి. సోర్స్, కెమెరా, గైడ్ ట్యూబ్, కొలిమేటర్ లాంటి మాటలను పనివాళ్లు అనేట్టే ఉంచాలి. అనువాదాన్ని ఒక వైద్య భౌతిక శాస్త్రజ్ఞుడు అంకెల కోసం, రాత్రిపూట ఫిల్మ్ తీసిన ఒక రేడియోగ్రాఫర్ పని తీరు కోసం చదివి సరిచూడాలి. అణుశక్తి సంస్థ ప్రచురణలను అనువదించడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. కాబట్టి మొదటి పని ఆ సంస్థ కార్యాలయం ఉన్న వియన్నాకు ఒక ఉత్తరం. దాని మీద సంతకం చేయడానికి ఈ సభలో ఇంజనీర్లు, నర్సులు, రేడియోగ్రాఫర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు.